భూర్జపత్రం ఆన్‌లైన్‌లో కొంటున్నారా? జాగ్రత్త!

పూజలో పెట్టుకునే యంత్రం (మంత్రాక్షరాల చక్రం) రాయించడానికి భూర్జపత్రం, అంటే భూర్జ చెట్టు బెరడు, ఆర్డర్ పెట్టబోయేవాళ్ళు ముందు ఇది చదవండి. మా నాన్నగారి కోసం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ప్యాకెట్ తెప్పించాను. 'హిమాలయాల అసలు బెరడు' అని రాశారు. వచ్చింది మాత్రం రంగేసిన కాగితం. సిద్ధాంతిగారు చేతిలోకి తీసుకోగానే పక్కన పెట్టేశారు. పూజ కోసం కొనేవాళ్ళని ఇలా మోసం చెయ్యడానికి మనసెలా వస్తుందో!

అసలుది భూర్జ చెట్టు పైబెరడు. దాని మీద అడ్డంగా చిన్న చిన్న గీతలుంటాయి, చెట్టుకి గాలి ఆడేది వాటిలోంచే. ఏ రెండు ముక్కల మీదా అవి ఒకేలా ఉండవు. నాకొచ్చిన పత్రాలన్నిటి మీదా గీతలు సరిగ్గా ఒకే చోట ఉన్నాయి, అంటే ప్రింటు కొట్టారన్నమాట. నిజమైన బెరడుని గోటితో గీకితే పల్చటి పొరలు పొరలుగా విడిపోతుంది, నీళ్ళు పడితే ఒక పట్టాన నానదు. ఇది అంచు తడపగానే గుజ్జయిపోయింది. 1881లో పెషావర్ దగ్గర బక్షాలీలో తవ్వకంలో బయటపడిన గణితం రాతప్రతి ఈ బెరడు మీద రాసిందే. వందల ఏళ్ళు మట్టిలో ఉండి కూడా కొన్ని పత్రాలు మిగిలాయి!

వాపసు అడిగితే "సహజ వస్తువు, తిరిగి తీసుకోం" అన్నారు. అన్ని పత్రాల మీదా గీతలు ఒకేలా ఉన్నట్టు చూపించే ఫొటోలు పంపాక జవాబే లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. మీరూ పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. కొనేముందే, గోటితో పొర ఒలిచి రెండు వైపులా చూపించే వీడియో పంపమనండి. పంపనంటే వదిలేయండి.

"గంగోత్రి నుంచి తాజాగా ఒలిచి తెచ్చాం" అని గొప్పగా చెప్పేవాళ్ళ దగ్గర అసలే కొనొద్దు. అదంతా నేషనల్ పార్కు. గోముఖ్ దారిలో భోజ్‌బాసా అనే చోటుకి ఆ పేరు వచ్చిందే ఈ చెట్ల వల్ల (హిందీలో వీటిని భోజ్ అంటారు), వంటచెరకుకీ బెరడుకీ నరికి నరికి అక్కడి వనం పల్చబడిపోయింది. పైబెరడుతో పాటు లోపలి బెరడు కూడా చుట్టూ ఒలిచేస్తే చెట్టు చచ్చిపోతుంది.

మా యంత్రం చివరికి రాగిరేకు మీద రాయించాం. అదీ శాస్త్రసమ్మతమేనని సిద్ధాంతిగారు చెప్పారు. మీరూ ముందు మీ సిద్ధాంతిగారిని అడిగి చూడండి.