ఊరి వ్యాసాలకు 2011 జనగణన ఫైళ్లు: అంకెలు భేష్, హద్దులతోనే తంటా

వికీపీడియాలో గ్రామాలు, మండలాలు, జిల్లాల వ్యాసాలు సరిచేసేవాళ్లకు జనగణన శాఖ ఉచితంగా ఇచ్చే ఫైళ్లలో రెండు ముఖ్యం. ఊరూరి జనాభా ఎక్సెల్‌లో ఉండే ప్రైమరీ సెన్సస్ ఆబ్‌స్ట్రాక్ట్ ఒకటి. జిల్లా జనగణన హ్యాండ్‌బుక్ రెండోది. ఊరి వైశాల్యం దీనిలోని గ్రామ డైరెక్టరీలో దొరుకుతుంది. మొదటిదానికి 5కి 4 మార్కులు, రెండోదానికి 3. "2024 జనాభా" అంటూ పాత అంకెను ఏదో శాతంతో పెంచి చూపించే ప్రైవేటు సైట్లకు సున్నా. అవి లెక్కించిన అంకెలు కావు, వ్యాసంలోకి తేకూడదు.

ఆబ్‌స్ట్రాక్ట్ బలమంతా కోడ్‌లో ఉంది. రామాపురాలు, కొత్తపల్లులు ఎన్ని ఉన్నా ప్రతి రెవెన్యూ గ్రామానికీ విడిగా 6 అంకెల కోడ్ ఉంటుంది. పేరుతో వెతికితే తప్పు ఊరు తగలడం ఖాయం, కోడ్‌తోనే కలపాలి. మండలం కోడ్ 5 అంకెలది, మన దగ్గర సున్నాతో మొదలవుతుంది. ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా పెట్టకపోతే ఎక్సెల్ ఆ సున్నాను మింగేస్తుంది, తర్వాత రెండు పట్టికలు కలవవు. మొత్తం, గ్రామీణ, పట్టణ వరుసలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టి వడపోయకుండా కూడితే జనాభా రెట్టింపవుతుంది. అక్షరాస్యత శాతానికి మొత్తం జనాభాతో భాగించేవాళ్లు ఇంకా ఉన్నారు. 0–6 ఏళ్ల పిల్లలను తీసేశాకే భాగించాలి.

అసలు చిక్కు హద్దులది. ఫైళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల దగ్గరే ఆగిపోయాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 31 జిల్లాలు, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. కొత్త జిల్లాకు, మండలానికి ఫైల్లో అంకె ఉండదు. ప్రభుత్వ ఉత్తర్వులోని గ్రామాల జాబితా తీసుకుని, ఒక్కో ఊరి కోడ్ పట్టుకుని మనమే కూడుకోవాలి. సెన్సస్ టౌన్‌గా (జనగణనలో పట్టణంగా లెక్కించినవి) మారిన ఊళ్లు గ్రామాల వరుసల్లో కనపడవు, వాటిని విడిగా కలపాలి.

జనాభా మార్చి వైశాల్యం మరిచిపోవడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. తెలంగాణనే చూడండి. ఉమ్మడి రాష్ట్రంలోని పది తెలంగాణ జిల్లాల పూర్తి హద్దులకు 2011 జనాభా 3,51,93,978, వైశాల్యం 1,14,840 చ.కి.మీ. పోలవరం ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాక అవి 3,50,03,674, 1,12,077 అయ్యాయి. ఈ జత ప్రకారం జనసాంద్రత 312. కొత్త జనాభాను పాత వైశాల్యంతో భాగిస్తే 305 వస్తుంది, చూడటానికి సబబుగానే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు. హైదరాబాదుకూ ఇదే జబ్బు: 39,43,323 మంది, 217 చ.కి.మీ. జిల్లా లెక్క. జీహెచ్‌ఎంసీ (హైదరాబాదు మహానగరపాలక సంస్థ) హద్దులు వేరు, దాని వైశాల్యం ఈ జనాభా పక్కన పెట్టకూడదు.

హ్యాండ్‌బుక్‌కు మార్కు తగ్గింది వైశాల్యం వల్లే. ఊళ్ల లెక్క హెక్టార్లలో ఉంటుంది, 100తో భాగిస్తే చ.కి.మీ. వస్తాయి. కానీ ఊళ్ల మొత్తం జిల్లా వైశాల్యంతో సరిపోదు. ఊరి అంకె రెవెన్యూ రికార్డుది, జిల్లా అంకె సర్వే శాఖది. రెవెన్యూ గ్రామాల్లో చేరని రిజర్వు అడవి ఊళ్ల లెక్కలోకి రాదు. అందుకే ఏజెన్సీ మండలాలకు కూడిక వైశాల్యం పెడితే "గ్రామాల మొత్తం" అని పక్కనే రాయాలి. 2018లో పంచాయతీలైన తండాలకైతే విడి అంకె లేదు, అవి రెవెన్యూ గ్రామంలోనే కలిసి ఉన్నాయి. అక్కడ గడి ఖాళీగా వదిలేయడమే నయం.

వికీపీడియాకు అనుబంధమైన సమాచార నిధి వికీడేటాలో జనాభాకు తేదీ తప్పనిసరిగా జతచేయండి. 2027 జనగణన అంకెలు వచ్చినా 2011ది చెరపకుండా, కొత్తదానికి ప్రాధాన్య ర్యాంకు ఇస్తే చాలు. ముందు వచ్చేవి తాత్కాలిక అంకెలని కూడా గుర్తించి రాయాలి: 2011లో ఉమ్మడి రాష్ట్రానికి మొదట 8,46,65,533 అని ప్రకటించారు, తుది లెక్క 8,45,80,777. ఆ మొదటి అంకె ఇప్పటికీ కొన్నిచోట్ల అలాగే ఉంది.