మిరిస్సలో "ఎకో" వేల్ వాచింగ్ బుక్ చేసేవాళ్ళు కాస్త ఆగండి

నిన్న పొద్దున జరిగింది, ఇంకా కోపం దిగలేదు, కాస్త అటూఇటూగా రాసినా ఏమనుకోకండి. శ్రీలంక వెళ్ళే మనవాళ్ళు చాలామంది మిరిస్స కూడా ప్లాన్‌లో పెట్టుకుంటారు, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అక్కడ నీలి తిమింగలాలు కనిపిస్తాయని తెలిసిందే. ఆపరేటర్ పేరు రాయట్లేదు. "బాధ్యతగా చూపిస్తాం" అని పేజీ నిండా రాసుకున్నవాళ్ళే. 100 మీటర్ల దూరం పాటిస్తాం, దాని దారికి అడ్డం వెళ్ళం, దగ్గరికొస్తే ఇంజన్ న్యూట్రల్‌లో పెడతాం, మెరైన్ బయాలజీ చదివినవాళ్ళు బోట్లో ఉంటారు అని వాట్సాప్‌లో కూడా చెప్పారు. రేటు మామూలు బోట్లకి దాదాపు రెట్టింపు. ఈ మాటల కోసమే అంత కట్టాం.

బయాలజీ చదివినవాళ్ళెవరూ లేరు, లైఫ్ జాకెట్లు పంచిన కుర్రాడే గైడు. అది వదిలేద్దాం. చాలాసేపటికి దూరంగా నీళ్ళు పైకి చిమ్మాయి, అంతే, చుట్టుపక్కల బోట్లన్నీ అటే పరుగు, మాదీ వాటితోనే. తల్లీ పిల్లా. తల్లి పైకొచ్చి ఊపిరి తీసుకుంటోంది, మా కెప్టెన్ స్పీడ్ కూడా తగ్గించకుండా వెనకనుంచి తరుముకుంటూ వెళ్ళి, ముందుకి తిప్పి సరిగ్గా దాని దారికి అడ్డంగా పెట్టాడు. డీజిల్ పొగ, అరుపులు, ఫోన్లు. తల్లి గబుక్కున మునిగిపోయింది, పిల్ల ఇంకా పైనే ఉంది, కాసేపటికి అదీ మునిగింది. మళ్ళీ ఎక్కడ తేలుతుందా అని అన్ని బోట్లూ కాచుకుని కూర్చున్నాయి.

నేను గైడు దగ్గరికెళ్ళి 100 మీటర్లన్నారు కదా, వెనక్కి తీయమని చెప్పండి అన్నాను. "డబ్బులు కట్టింది చూడ్డానికా సర్, దూరం కొలవడానికా?" అన్నాడు. అక్కడితో ఆగలేదు, మైక్ తీసుకుని "ఈ సర్‌కి దగ్గరగా వెళ్ళడం ఇష్టం లేదంట, మీ అందరికీ కావాలా వద్దా?" అని బోటు మొత్తాన్ని అడిగాడు. అందరూ కావాలని అరిచారు. బోటు మళ్ళీ ముందుకే వెళ్ళింది. నా భార్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ 100 మీటర్లు వాళ్ళ మంచితనం కాదండీ, 2012 నుంచి శ్రీలంకలో ఉన్న రూలు. ఈ తిమింగలాలు మిగతా చాలా నీలి తిమింగలాల్లా దూరాన ఉన్న చల్లటి సముద్రాలకి వలస వెళ్ళవు, ఏడాది పొడుగునా ఉత్తర హిందూ మహాసముద్రంలోనే ఉంటాయి, ఆశా డి వోస్ లాంటి శాస్త్రవేత్తలు ఏళ్ళుగా చెప్తున్న మాటే ఇది. వాటికి తిండి దొరికే చోటు ఇదే, పక్కనే శ్రీలంక దక్షిణపు కొస దొండ్ర దగ్గర సరుకు ఓడలు వెళ్ళే దారి, ఓడలు గుద్ది చచ్చిపోతున్నవి కూడా ఉన్నాయి. ఆ బాధ చాలదన్నట్టు బోట్లు వెంటపడితే తినే టైమ్, ఊపిరి తీసుకునే టైమ్ రెండూ పోతాయి. 2022లో ఎంఎస్‌సి అనే షిప్పింగ్ కంపెనీ వీటికోసం తన ఓడల్ని దాదాపు 15 నాటికల్ మైళ్ళు దక్షిణానికి జరిపింది. అంత పెద్ద ఓడలు జరిగినప్పుడు ఒక టూరిస్టు బోటు 100 మీటర్ల అవతల ఆగలేదా?

ఒడ్డుకొచ్చాక రీఫండ్ అడిగితే "కనిపించింది కదా, కనిపించకపోతేనే ఇంకో ట్రిప్ ఫ్రీ" అన్నారు. సాయంత్రానికి వాట్సాప్‌లో దూరం గురించి పెట్టిన మెసేజ్ డిలీట్ చేసేశారు. మా ఆవిడ ముందే స్క్రీన్‌షాట్ తీసింది కాబట్టి సరిపోయింది, కార్డు మీద కట్టిన అడ్వాన్స్‌కి బ్యాంకులో కంప్లెయింట్ పెట్టాం, క్యాష్‌గా ఇచ్చింది మాత్రం పోయినట్టే.

వెళ్ళేవాళ్ళు రివ్యూల్లో స్టార్లు కాదు, జనం పెట్టిన ఫొటోలు చూడండి, మామూలు ఫోన్ ఫొటోలో తిమింగలం నిండుగా కనిపిస్తే ఆ బోటు ఎంత దగ్గరికెళ్ళిందో తెలిసిపోతుంది. అప్పటికే నాలుగైదు బోట్లు చుట్టుముట్టి ఉంటే మీ కెప్టెన్ ఏం చేస్తాడని ముందే అడగండి, జవాబు రాతలో తీసుకోండి. మొత్తం ముందే కట్టకండి. నిజంగా దూరం పాటించే బోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, మా తమ్ముడి వాళ్ళు ఫిబ్రవరిలో వెళ్తున్నారు.