పాత స్ప్లెండర్‌కి ఏ ఆయిల్ మేలు: టెన్ థర్టీనా, ట్వంటీ ఫార్టీనా, ట్వంటీ ఫిఫ్టీనా?

నాన్న స్ప్లెండర్ 2008 మోడల్. మీటరు 90 వేలు దాటాక ఆగిపోయింది, ఆ తర్వాత ఎంత తిరిగిందో లెక్క లేదు. పోయిన వేసవిలో ఆయిల్ మార్పిద్దామని షెడ్డుకి తీసుకెళ్తే, మెకానిక్ కిక్ కూడా కొట్టకుండానే "పాత ఇంజన్ కదన్నా, ట్వంటీ ఫిఫ్టీ పోసేద్దాం, సౌండ్ తగ్గుద్ది" అన్నాడు. నిజంగానే తగ్గింది. పికప్ కూడా తగ్గింది. డిసెంబర్ వచ్చేసరికి పొద్దున్నే కిక్ కొడితే కాలికి బరువు తెలిసేది.

బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నది 10డబ్ల్యూ-30, అంటే మనం టెన్ థర్టీ అనేది. డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న 10 చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెప్తుంది, వెనక 30 ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. ఆ చిక్కదనాన్ని 100 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడ్ 16.3 లోపు, 50 గ్రేడ్ 21.9 లోపు. వేడి మీద తేడా ఇంతే. అదే 40 డిగ్రీల దగ్గర కొలిస్తే ట్వంటీ ఫిఫ్టీ చిక్కదనం టెన్ థర్టీకి రెండింతలు దాటుతుంది. పాల కేంద్రానికో, బడికో రెండు కిలోమీటర్లు వెళ్లొచ్చే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కనే వేడెక్కదు. రోజంతా ఆ ఆముదాన్ని తోసుకుంటూ తిరగాల్సిందే. మైలేజీ పోయేది అక్కడే. స్టార్ట్ చేయగానే పైన హెడ్‌లో వాల్వులని తెరిచే క్యామ్ దాకా ఆయిల్ చేరడమూ ఆలస్యమవుతుంది.

మరి మన ఎండల సంగతేంటి? రెంటచింతలలో 45 డిగ్రీలు కాసే రోజుల్లో పల్చటి ఆయిల్ నిలుస్తుందా? గాలికి చల్లబడే ఇంజన్ కాబట్టి ఎండ ప్రభావం లేదనను. ఎండలో ఇద్దరు మనుషులు, మధ్యలో ఎరువు బస్తా, సెకండ్ గేర్‌లో ఎత్తు ఎక్కడం, ఇదీ రోజువారీ పనైతే ట్వంటీ ఫార్టీ వైపు మొగ్గడంలో తప్పులేదు. కానీ ఎండ వేరు, బండి వయసు వేరు. 15 ఏళ్లైనా పొగ లేకుండా, ఆయిల్ తగ్గకుండా నడిచే స్ప్లెండర్లు మా వీధిలోనే మూడున్నాయి. వాటికి టెన్ థర్టీ వదిలి వేరే గ్రేడ్‌కి మారాల్సిన పనే లేదు.

చూడాల్సింది ఆయిల్ తినేస్తోందా లేదా అన్నదే. బండిని సెంటర్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు స్టార్ట్‌లో ఉంచి ఆపండి. ఆయిల్ కిందికి దిగాక గేజ్ తీసి తుడిచి, మర తిప్పకుండా ఊరికే లోపల పెట్టి చూడండి. చాలామంది మర బిగించేసి చూస్తారు, అప్పుడు ఆయిల్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. 1,000 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఇలాగే చూసి, గీత ఎంత దిగిందో గుర్తుపెట్టుకోండి. పొగ కూడా గమనించండి. యాక్సిలరేటర్ వదిలి దిగువకి వచ్చి, మళ్లీ ఇవ్వగానే గుప్పున నీలం పొగ వస్తే అనుమానం వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్కనుంచి ఆయిల్ లోపలికి కారకుండా ఆపేవి) మీద. లాగుతున్నంతసేపూ పొగ వస్తుంటే పిస్టన్ రింగులో, పిస్టన్ కదిలే బోరో అరిగినట్టు. సీల్స్ చిన్న పని. సీల్స్ పోయిన బండికి చిక్కటి ఆయిల్ పోయడం దండగ.

రింగులు కొద్దిగా అరిగి, బోరు పనికి ఇంకా టైముందనుకుంటే ఒక్క మెట్టు ఎక్కండి, ట్వంటీ ఫార్టీ. నా ఓటు దానికే. ట్వంటీ ఫిఫ్టీ, డబ్బులు చేతికొచ్చేదాకా నెట్టుకురావడానికి మాత్రమే. "చాలా పల్సర్లకి కంపెనీయే ట్వంటీ ఫిఫ్టీ చెప్పింది కదా" అంటారు. ఆ ఇంజన్‌ని దానికి తగ్గట్టు కట్టారు, 97 సీసీ స్ప్లెండర్‌ని కాదు. ఇక ఆ సౌండ్ సంగతి. టైమింగ్ చైన్ సాగినా, టాపెట్ (వాల్వు దగ్గరి సందు) వదులైనా చిక్కటి ఆయిల్ ఆ చప్పుడుని కప్పిపెడుతుంది, అరుగుదల ఆగదు. నాన్న బండికి జరిగింది ఇదే. టాపెట్ సెట్ చేయిస్తే సగం సౌండ్ పోయింది.

ఏ గ్రేడ్ కొన్నా డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగి తిరిగే బైక్ క్లచ్‌కి సరిపోతుందని చెప్పే గుర్తు) అని ఉండాలి. బైకులో ఇంజన్‌కీ క్లచ్‌కీ గేర్లకీ అదే ఆయిల్. ఇంట్లో మిగిలింది కదా అని కారు ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారొచ్చు. పైగా గేర్ల మధ్య నలిగి ఆయిల్ రోజురోజుకీ పల్చబడుతుంది. ఏడాదిగా మార్చని ట్వంటీ ఫిఫ్టీ కంటే వేళకి మార్చిన టెన్ థర్టీ నయం.

ఇప్పుడు నాన్న బండిలో ట్వంటీ ఫార్టీ ఉంది. కిక్ తేలికైంది, ఎత్తు ఎక్కేటప్పుడు సన్నగా పొగ మాత్రం వస్తూనే ఉంది. సంక్రాంతి అయ్యాక బోరు విప్పించాలి.