జాగ్రత్త: కిలో 110 రూపాయలకు సిమెంటు అమ్ముతున్నారు

రాత్రంతా నిద్ర లేదు. తెల్లారగానే కూర్చుని రాస్తున్నా, అటూ ఇటూగా ఉంటే సర్దుకోండి. హైవే పక్కన నీలం గేటు కలప అడితి అంటే లేత్ (చెక్కని గిర్రున తిప్పుతూ గిన్నెలూ అవీ చెక్కే మిషన్) పిచ్చి ఉన్న మనవాళ్ళలో సగం మందికి తెలుసు కాబట్టి పేరు రాయను. అక్కడ బుడిపె, అంటే చెట్టు మాను మీద కణితిలా ఉబ్బిన ముద్ద, కొందామని ఎవరైనా అనుకుంటుంటే ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి టేకు ముక్కల కోసం వెళ్ళాను. రోడ్డు వెడల్పు పనిలో పోయిన వేప చెట్టును ముందురోజే తెచ్చి పడేశారు. ముసలి మాను. దాని నడుము దగ్గర బుడిపె, అడ్డం రెండున్నర అడుగులు ఉంటుంది. బెరడు నిండా మొటిమలు. తెలియనివాళ్ళకి అది చెట్టుకొచ్చిన రోగం. మనకి ఆ మొటిమలే అసలు సరుకు. ఒక్కో దాని కింద బయటికి రాలేకపోయిన మొగ్గ ఉంటుంది, చెక్క పొరలు దాని చుట్టూ మెలి తిరిగిపోయి ఉంటాయి. లేత్ మీద తిప్పితే గిన్నె నిండా కళ్ళలాంటి చుక్కలే. ఆరేళ్ళుగా ఇలాంటి దాని కోసం చూస్తున్నాను. ఒకసారి ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే ఒక పెద్దాయనకి ఫోన్‌లో బుడిపె ఫోటో చూపిస్తే నవ్వేశాడు. వాళ్ళకి కావాల్సింది అంకుడు, ముడి లేకుండా నునుపుగా తిరిగే కర్ర. "ఇలాంటివి మేం పొయ్యిలో పెడతాం బాబూ" అన్నాడు. ఆయన మాట విన్నా బాగుండేది.

చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) పర్మిషన్ ఉందా అని అడిగితే అడితి ఓనరు కాగితం చూపించాడు. ఈ మొత్తం వ్యవహారంలో సరిగ్గా ఉన్నది ఆ కాగితం ఒక్కటే.

కలప మామూలుగా ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. ఇతను మాత్రం "గుండ్రంగా ఉన్నదానికి అడుగులేంటండి, కాటా వేసేద్దాం, కిలో 110 ఇవ్వండి చాలండి" అన్నాడు. పచ్చి చెట్టు, బరువులో చాలా వంతు నీళ్ళే ఉంటాయని తెలుసు. అయినా సరేనన్నాను. ఎందుకంటే పక్కనే నిలబడి ఇంకో మాట అన్నాడు, "హైదరాబాద్ నుంచి చెక్కలో ఎపాక్సీ జిగురు పోసి టేబుళ్ళు చేసేవాళ్ళు రోజూ ఫోన్లండి, మీరని ఆపానండి." అంతే, అక్కడికక్కడే 5,000 ఫోన్‌పే చేశాను. మాను బోర్లా పడి ఉంది, అవతలి వైపు ఎలా ఉందో చూడలేదు. తిప్పించమని అడగొచ్చు. అడగలేదు. నాకు బుడిపె తప్ప ఇంకేమీ కనిపించలేదు ఆ రోజు.

తర్వాత ఆఫీసులో ఆడిట్, మూడు వారాలు కదల్లేకపోయాను. కోతంతా ఫోన్‌లోనే చెప్పాను. ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నది ఇక్కడే. బుడిపెకి అటూ ఇటూ మాను నాలుగేసి అంగుళాలు వదిలి కోయమన్నాను. కోసిన గంటలోపు కోత ముఖాలకి మైనం గానీ దట్టమైన పెయింటు గానీ పట్టించమన్నాను, లేకపోతే నీరంతా ఆ ముఖాల నుంచే గబగబా ఆరిపోయి బీటలు పడతాయని పాఠం చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. విని, ఒక ప్రశ్న అడిగాడు.

"పెయింటు ఎంత మందంగా వెయ్యమంటారండి? లోపల చెక్క కనబడకపోయినా పర్లేదాండి?"

"కనబడకపోతేనే మంచిది" అన్నాను.

అన్నది నేనే. నా నోటితోనే.

ఫిబ్రవరి మూడో వారంలో టాటా ఏస్‌లో వచ్చింది. నిగనిగలాడే నల్ల పెయింటు, చుట్టూ బెరడు చెక్కుచెదరలేదు. కాటా చీటీ మీద 142 కిలోలు. మొత్తం 15,620, అందులో మిగతా 10,620 బండి అక్కడ బయల్దేరకముందే పంపేశాను, "డ్రైవరు వెయిటింగండి" అన్నాడని. బండికి 1,800. నలుగురం పట్టి దించాం. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి "ఇదేంటి, రోలా?" అంది. నవ్వాను కూడా.

మొన్న ఆదివారం పొద్దున చైన్‌సా తీశాను. నా లేత్ మీద 16 అంగుళాలకి మించి తిరగదు, కాబట్టి బుడిపెని మూడుగా చేసుకోవాలి. సుద్దతో గీతలు గీసుకున్నాను. అంతకుముందు ఏ ముక్కకీ అంత సేపు గీతలు గీయలేదు. పెద్ద ముక్క నుంచి 15 అంగుళాల గిన్నె, గోడ ఒకటిన్నర అంగుళం మందం ఉంచి పచ్చిగా ఒకసారి తిప్పి, ఆరు నెలలు ఆరనిచ్చి, వంకర తిరిగాక మళ్ళీ తిప్పడం అని లెక్క. మొదటి నాలుగంగుళాలు రంపం హాయిగా దిగింది. ఎర్రటి పొట్టు, పెదవుల మీద వేప చేదు. ఆ చేదు కూడా బాగుందనిపించింది, అంత పిచ్చిలో ఉన్నాను.

ఆ తర్వాత శబ్దం మారింది. గర్రుమని కీచుమంది, కోతలోంచి నిప్పురవ్వలు లేచాయి. పొట్టు ఎర్రగా రావాల్సింది బూడిద రంగులో వచ్చింది. మేకు తగిలిందనుకున్నాను. రోడ్డు పక్క వేప కదా, ఎన్ని బ్యానర్లు కట్టుంటారో, ఎన్ని మేకులు కొట్టుంటారో. చైన్ తీసి చూస్తే ఒక్క పన్ను మిగల్లేదు, అన్నీ మొండివే. పెయింటు మీద స్క్రూడ్రైవర్ పెట్టి గీకాను. నల్లటి పొర కింద బూడిద రంగు. ఇంకొంచెం గీకాను. ఇసుక రాలింది.

తొర్ర. మాను వైపు నుంచి బుడిపె కడుపులోకి పెద్ద తొర్ర, దాన్నిండా సిమెంటు కూరారు. పైన తాపీతో చదును చేసి, దాని మీద రంపపు పొట్టూ ఫెవికాలూ కలిపి పూసి, చెక్క గరుకు వచ్చాక పెయింటు వేశారు. పనితనం గురించి మాత్రం మాట లేదు. మా ఇంటి బాత్‌రూమ్ గోడకి కూడా మేస్త్రి అంత శ్రద్ధగా పూత పెట్టలేదు.

సాయంత్రం దాకా సుత్తీ శానమూ పట్టుకుని తవ్వాను. వచ్చిన ముక్కలన్నీ బాత్‌రూమ్ కాటా మీద పెట్టి తూచాను, 37 కిలోలు. కిలో 110 చొప్పున 4,070 రూపాయలు. బస్తా సిమెంటు నాలుగు వందల లోపు వస్తున్న రోజుల్లో ఇసుక కలిపిన సిమెంటుని ఆ రేటుకి కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తవ్వుతుంటే గోనె పీలికలు వచ్చాయి, వాటి మధ్య నలిగిన పాల ప్యాకెట్ ఒకటి. తొర్ర అడుగున వాటిని కుక్కి పైన పోశారన్నమాట. ప్యాకెట్ కడిగి చూశాను. తేదీ ఫిబ్రవరి 11. చెట్టు కొట్టింది జనవరిలో.

సోమవారం సెలవు పెట్టి ఒక సిమెంటు పెడ్డా, ఆ ప్యాకెట్టూ సంచిలో వేసుకుని వెళ్ళాను. డబ్బు పోయింది సరే, అక్కడ జరిగింది మాత్రం గొంతులోంచి దిగడం లేదు.

జనవరిలో నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, మాటకో "అండి" తగిలించిన మనిషి. ఇప్పుడు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. పెడ్డ టేబుల్ మీద పెట్టాను.

"ఏంటిది?"

"మీ బుడిపెలోది."

"లోపలేముందో నాకేం తెలుసు? ఎక్స్‌రే తీసి అమ్మానా?"

ఆ "అండి" ఎక్కడ రాలిపోయిందో వెతుక్కుంటూ నిలబడ్డాను. తర్వాత అన్నాడు, చెట్టు బతికున్నప్పుడే పంచాయతీ వాళ్ళు తొర్రలో పోసుంటారట. వినడానికి నమ్మబుద్ధేస్తుంది, కొన్నిచోట్ల అలా పోస్తారు కూడా. అందుకే ప్యాకెట్ తీసి చూపించాను. "ఫిబ్రవరి 11. చెట్టు మీ దగ్గర పడి ఉండగా పంచాయతీ వాళ్ళు ఇక్కడికొచ్చి పోశారా?"

చేయి చాపాడు. చూస్తాడనుకుని ఇచ్చాను. చూశాడు. తేదీ దగ్గర బొటనవేలు పెట్టి మరీ చదివాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, పక్కనే టీ కాచుకుంటున్న పొట్టు పొయ్యిలో వేశాడు.

"ఏ ప్యాకెట్టు?" అన్నాడు.

అక్కడ టేకు చూస్తున్న ఇద్దరు కొనుగోలుదార్లు అటు తిరిగారు. బండిలో మా ఇంటికొచ్చి నాతో పాటు బుడిపె దించిన కుర్రాడు కూడా అక్కడే ఉన్నాడు, తల దించుకుని తాడు చుడుతున్నాడు. ఆ సిమెంటు కలిపింది వాడే అయ్యుంటాడు, వాణ్ణేమీ అనబుద్ధి కాలేదు. "కన్స్యూమర్ కోర్టుకి వెళ్తాను" అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది. "కేసెట్టుకో. వేప మొద్దుకి ఇంత గొడవేంటి, పొయ్యిలోకి పనికొస్తుంది కదా" అని మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాడు.

యాభై దాటాయి నాకు. సాక్ష్యాన్ని నా చేత్తో నేనే తీసికెళ్ళి అతని చేతిలో పెట్టాను. ఫోటో తీశాను గానీ షెడ్డులో వెలుతురు చాలక తేదీ మసకగా వచ్చింది. బిల్లు లేదు, కాటా చీటీ మీద "వేప 142" అని పెన్నుతో రాసుంది, అంతే. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఐదు లక్షల లోపు కేసుకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదట. చూద్దాం.

మిగిలిన చెక్క సంగతి అడుగుతారేమో. సిమెంటు తడికి తొర్ర గోడలు రెండంగుళాల లోతున నల్లబడిపోయాయి, అంతా చెక్కి పారేశాను. అంచుల్లోంచి తొమ్మిది అంగుళాల గిన్నెలు రెండు వచ్చాయి, పచ్చిగా తిప్పి మైనం పూసి కాగితం సంచుల్లో పెట్టాను. ఒకదాని అడుగున కళ్ళు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. చూస్తే ఇంకా కడుపు మండుతోంది.

కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు. పెయింటు వెయ్యకముందు కోత ముఖం మీ కళ్ళతో చూడండి, కుదరకపోతే వీడియో కాల్‌లోనైనా చూపించమనండి. చెక్క సుత్తితో చుట్టూ కొట్టి వినండి, తొర్ర ఖాళీగా ఉంటే డొల్లగా మోగుతుంది, నాకొచ్చినట్టు సిమెంటు కూరిన దానికైతే అదీ మోగదు, సన్నటి డ్రిల్ బిట్ ఒకటి దించి పొట్టు రంగు చూడాల్సిందే. బరువు లెక్కన కొనకండి. మిగతా డబ్బు సరుకు దిగాకే ఇవ్వండి. ఇవన్నీ నాకు ముందే తెలుసు, అదే నవ్వొచ్చే విషయం.

అసలు ఈ పోస్టు ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న రాత్రి అతని వాట్సాప్ స్టేటస్ చూశాను. ఇంకో బుడిపె, ఈసారి చింతదట. "రేర్ పీస్, ముందు అడ్వాన్స్ ఇచ్చినవారికే" అని రాశాడు. రెండు కోత ముఖాలకీ నిగనిగలాడే నల్ల పెయింటు. బరువు 160 కిలోలట.