మూడు నెలల భోజనానికి ముందే డబ్బు కట్టేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

ఇంట్లో వంట మానేసి, రోజూ రాత్రి భోజనం బయటినుంచి డబ్బాల్లో తెప్పించుకుందామని అనుకుంటున్నారా? "మూడు నెలలకి ఒకేసారి కట్టేయండి, తగ్గింపు ఇస్తాం" అని ఎవరైనా అంటున్నారా? దయచేసి కట్టకండి. కట్టాలనే ఉంటే నేను చెప్పేది పూర్తిగా విన్నాక కట్టండి. మేం 90 రోజులకి కట్టాం. 36వ రోజు రాత్రి మా అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లాం. మిగిలిన 54 రోజుల డబ్బు ఇప్పటికీ మా చేతికి రాలేదు.

మా ఇంట్లో నలుగురం. నేను, మా ఆయన, పదేళ్ల పాప, 72 ఏళ్ల అత్తయ్య. మేమిద్దరం ఉద్యోగాల నుంచి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. అప్పుడు కూరగాయలు తరిగి, వండి, తిని, గిన్నెలు తోమి పడుకునేసరికి పదిన్నర. ఒక ఆదివారం మా ఆయనా నేనూ కూర్చుని లెక్క వేశాం. సరుకులు, గ్యాస్ ఒక వైపు రాసి, దానికి తోడు నేను వంటింట్లో ఉండే గంటలకి నా జీతం లెక్కన విలువ కట్టాం. అలా చూస్తే ఇంటి వంటే ఖరీదని తేలింది. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తర్వాత చెప్తాను. అప్పటికి మాత్రం అది నిజమనే నమ్మాం.

మొదటి రెండు వారాలు వంక పెట్టడానికేమీ లేదు. వేడిగా వచ్చేది, రుచిగా ఉండేది, పాప ఇష్టంగా తినేది. నాకు సాయంత్రం ఒక గంట మిగిలింది. ఆ గంట పాప పక్కన కూర్చుని చదివించేదాన్ని. అందుకే ఇలా భోజనం తెప్పించుకునేవాళ్లని నేను తప్పు పట్టను. అలసి ఇంటికొచ్చిన మనిషికి ఆ గంట ఎంత విలువైనదో నాకు తెలుసు.

మూడో వారం నుంచి తేడా కనిపించడం మొదలైంది. ముందు కూర పలచనైంది. తర్వాత డబ్బా మూత తీయగానే మూత లోపలి వైపు నీటి చుక్కలు ధారగా కారేవి. వేడివేడి అన్నం మీద మూత బిగించేసి గంటలకొద్దీ అలాగే ఉంచితే పట్టే చెమ్మ అది. ఇంకోటి, డబ్బాలు. కూర డబ్బాని సబ్బు పెట్టి రెండుసార్లు తోమినా లోపల వేలికి జిగురు తగిలేది. అది వట్టి జిడ్డైతే వేడినీళ్లకి పోయేది. ఒకే నూనెని మళ్లీ మళ్లీ కాచినప్పుడు అది చిక్కబడి, బంకలా పట్టుకుంటుంది. అలా చెడిపోయిన నూనెకి కొలత కూడా ఉంది. నూనె కాగి చెడిపోయేకొద్దీ అందులో పెరిగే పదార్థాలు, వాటిని ధ్రువ సమ్మేళనాలంటారు, 24 నుంచి 27 శాతం దాటితే ఆ నూనె పారబోయాలని చాలా దేశాలు నియమం పెట్టుకున్నాయి. మన వంటింట్లో కాచిన నూనె నల్లబడితే మన కళ్లకి కనపడుతుంది. డబ్బాలో వచ్చిన కూరలో మసాలా రంగు కింద అది దాగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, అన్నం. ఒక రోజు కంచంలో పెట్టుకుని కలుపుతుంటే మెత్తటి అన్నం మధ్యలో వేళ్లకి గట్టి గడ్డలు తగిలాయి. గడ్డ విడదీస్తే పైన మెతుకులు ఎండి పెళుసుగా ఉన్నాయి, లోపల చల్లగా ఉంది. చుట్టూ ఉన్న అన్నం మాత్రం పొగలు కక్కుతోంది. పాత అన్నం కొత్త అన్నంలో కలిపారని నాకు ఆ క్షణమే తెలిసింది. తెలిసి కూడా ఆ గడ్డలు పక్కన పెట్టి మిగతాది పిల్లకి పెట్టాను. డబ్బు ముందే కట్టేశాం కదా, పారేస్తే నష్టం కదా అన్న ఆలోచన నా చేత ఆ పని చేయించింది. మీకు ఈ హెచ్చరిక రాయడానికి అసలు కారణం అదే. ముందే కట్టిన డబ్బు నోటికి తాళం వేస్తుంది, ముక్కు చెప్పేది కూడా విననివ్వదు.

మర్నాడు డబ్బాలు తెచ్చిన అబ్బాయిని అడిగాను. "వంట ఎప్పుడు చేస్తారు బాబూ?" అని. "మధ్యాహ్నం రెండింటికల్లా డబ్బాలు కట్టేస్తారమ్మా. తర్వాత ఏరియాల వారీగా సర్దుతారు. మీది ఆఖరి రూటు" అన్నాడు. మేం తినేది ఎనిమిదింటికి. అంటే ఆరు గంటలు. వండిన ఆహారాన్ని బయట రెండు గంటలకి మించి ఉంచకూడదని, వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉంచాలంటే 5 డిగ్రీల కింద ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ రెంటికీ మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. మా డబ్బాలు ఆరు గంటలు ఆ మధ్యలోనే ఉండి, వ్యానులోకి ఎక్కించే ముందు పైపైన వేడయ్యేవన్నమాట.

మళ్లీ వేడి చేస్తే అన్నీ చచ్చిపోతాయి కదా అని నేనూ అనుకునేదాన్ని. అన్నం విషయంలో అది నిజం కాదు. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాల్లాంటి రూపంలో బియ్యంలో ఉంటుంది. అన్నం ఉడికినా ఆ విత్తనాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం ఒకసారి తయారైతే 121 డిగ్రీల వేడికి కూడా విరగదు. మైక్రోవేవ్‌లో పెట్టినా, పెనం మీద వేయించినా అది అలాగే ఉంటుంది. అది కడుపులోకి వెళ్లిన అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి. వాసన, రుచి మారకపోయినా ఆ విషం ఉండొచ్చు.

36వ రోజు ఎనిమిదింటికి నేను, పాప, అత్తయ్య తిన్నాం. మా ఆయన ఆఫీసులో ఎవరిదో విందు ఉందని అక్కడే తినొచ్చారు. పదిన్నరకి పాపకి వాంతి అయింది. పది నిమిషాల్లో నాకు. పదకొండుకల్లా అత్తయ్య స్నానాల గది గుమ్మం పట్టుకుని కూలబడిపోయారు. పాప, నేను తెల్లారేసరికి తేరుకున్నాం. అత్తయ్యకి ఒంట్లో నీరు తగ్గిపోయి, నాలుక ఎండిపోయి, పిలిస్తే సరిగా పలకలేదు. రెండు రోజులు సెలైను ఎక్కించారు. తిన్న రెండు మూడు గంటల్లోనే ముగ్గురికీ వాంతులంటే, ఆహారంలో విషం ముందే తయారై ఉన్నప్పుడు ఇలా అవుతుందని డాక్టరుగారు చెప్పారు. బయట తిన్న మా ఆయనకి ఏమీ కాలేదు.

ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పొట్లం అందుబాటులో లేకపోయినా, ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టి కొలిచిన 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి గుక్క గుక్కగా పట్టిస్తూ ఉండండి. ఉప్పు కొలత మించకూడదు. మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లడమే. మేం గంటన్నర ఆలస్యం చేశాం.

ఇక డబ్బు సంగతి. మర్నాడు ఫోన్ చేస్తే, "మా దగ్గర రోజుకి వందల మంది తింటున్నారు, మీకొక్కరికే ఎందుకవుతుంది?" అన్నారు. ఋజువు చూపించమన్నారు. నా దగ్గర ఏముంది? ఆ రాత్రి కంగారులో మిగిలిన అన్నం పారబోసి, డబ్బాలు కడిగి, అలవాటుగా గుమ్మం బయట పెట్టేశాం. పొద్దున్నే వాళ్ల మనిషి వచ్చి పట్టుకెళ్లిపోయాడు. మీకు ఇలాంటిదేమైనా జరిగితే మిగిలిన భోజనాన్ని శుభ్రమైన డబ్బాలో మూత పెట్టి, తేదీ, తిన్న సమయం రాసి, ఎవరూ పొరపాటున తినకుండా ఫ్రిజ్‌లో విడిగా ఉంచండి. మూత తీసిన డబ్బాని ఫొటో తీయండి. అదే రోజు మీ ప్రాంతపు ఆహార భద్రతా అధికారులకి ఫిర్యాదు చేయండి. డాక్టరు రాసిచ్చిన చీటీలో ఏం తిన్నారో, ఎన్ని గంటలకి వాంతులయ్యాయో రాయమని అడగండి.

డబ్బు వెనక్కి ఇమ్మంటే నిబంధనలు చూసుకోమన్నారు. చూస్తే ఉంది నిజమే. మిగిలిన భోజనాలు ఇంకో తేదీకి మార్చుకోవచ్చు, డబ్బు మాత్రం తిరిగి ఇవ్వరు. ఒళ్లు హూనమై ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి అవే డబ్బాలు ఇంకో నెలలో పంపుతారట! ఇంకో తప్పు కూడా చేశాం. కార్డుతో కడితే తగ్గింపు రాదు, నేరుగా ఖాతాలోకి వేయమన్నారు, వేసేశాం. కార్డుతో కట్టి ఉంటే, అందని సేవ గురించి బ్యాంకులో వివాదం పెట్టే దారి ఉండేది. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో దానికి మామూలుగా 120 రోజుల గడువుంటుంది. బ్యాంకు అంతకంటే తక్కువ గడువు పెట్టవచ్చు కాబట్టి వెంటనే అడగాలి. ఖాతాలోకి వేసిన డబ్బుకి ఆ రక్షణ లేదు. కార్డు వద్దంటూ తగ్గింపు ఆశ చూపిస్తే అక్కడే అనుమానించండి.

అసలు వాళ్ల నాణ్యత ఎందుకు పడిపోయిందని చాలా రోజులు ఆలోచించాను. భోజన వ్యాపారంలో మామూలుగా పాటించే లెక్క ఒకటుంది. అమ్మే ధరలో సరుకుల ఖర్చు 28 నుంచి 35 శాతం దాటకుండా చూసుకుంటారు. మిగతాది జీతాలు, అద్దె, కరెంటు, లాభం. అందులో మోసమేమీ లేదు. వండి వడ్డించే మనిషికి జీతం ఇవ్వాలి కదా. కానీ ఆ ధరలోంచే మనకి తగ్గింపు ఇవ్వాలి, ఇంటికి చేర్చే యాప్ మధ్యలో ఉంటే దానికి 15 నుంచి 30 శాతం వరకు కమిషన్ పోవాలి. అద్దె తగ్గదు, జీతాలు తగ్గవు. ఇక కోత పడేది సరుకుల్లో, మార్చాల్సిన నూనె మార్చకపోవడంలో, నిన్న మిగిలిన అన్నం పారేయకపోవడంలో. ఆ కోత ముందుగా ఎవరి డబ్బాలో పడుతుంది? ఈ పూట నచ్చకపోతే రేపు రాని మనిషి డబ్బాలో కాదు. డబ్బు ముందే ఇచ్చేసిన మన డబ్బాలో.

మా ఇంటి లెక్క ఎక్కడ తప్పిందంటే, వంట గంటలకి విలువ కట్టాం గాని డబ్బాల కోసం ఎదురుచూసిన గంటలకి కట్టలేదు. రాలేదేంటని చేసిన ఫోన్లు లెక్కలో లేవు. బాగోలేక పారేసిన కూరల బదులు రాత్రి తొమ్మిదింటికి చేసుకున్న వంటా లేదు. అత్తయ్య బీపీ సంగతీ లేదు. రోజుకి మొత్తం 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బయటి కూరలో ఎంత వేశారో మనకెలా తెలుస్తుంది? ఇంట్లో అయితే ఆవిడకి ఉప్పు వేయకముందే ఒక గరిటెడు విడిగా తీసి పెడతాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక నెలపాటు ప్రతి ఖర్చూ పుస్తకంలో రాశాను. సరుకులు, గ్యాస్, కరెంటు, పాడైపోయి పారేసిన కూరగాయలు కూడా. అంతా కలిపినా డబ్బాలకి నెలకి పడినదాంట్లో సగం కాలేదు. టైము విషయంలో మాత్రం నిజాయితీగా చెప్పాలి, అలసట ఉంది. అందుకే పని పంచుకున్నాం. తరగడం ఆయన ముందురోజు రాత్రే చేస్తారు, పొయ్యి నాది, గిన్నెలు ఇద్దరివీ. వారంలో రెండు రోజులు ఒక్క గిన్నెలో అయిపోయే వంటే. మిగిలిన అన్నాన్ని లోతు లేని పళ్లెంలో పరిచి, ఆవిరి పోగానే, గంటలోపే ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ఇంటి అన్నానికి మాత్రం ఆ విషం పట్టదా? మనం అజాగ్రత్తగా ఉంటే ఇంట్లోనూ అదే జరుగుతుంది. తేడా ఏంటంటే, ఎప్పుడు వండామో మనకి తెలుసు.

బయట తినడం మానేయలేదు. నెలకి ఒకటి రెండుసార్లు వెళ్తాం, అప్పటికప్పుడు వండి వేడిగా తెచ్చిపెట్టే చోటికి. కూర్చుని తిని, ఆ పూటకి డబ్బు ఇచ్చి వస్తాం. నచ్చకపోతే మళ్లీ వెళ్లం. ఒక్కరే ఉండి, రోజూ వండుకుంటే సగం పారేయాల్సి వచ్చేవాళ్లకి బయటి భోజనం లాభమే కావచ్చు. అలాంటివాళ్లు కూడా పూటకో, మరీ అయితే వారానికో కట్టండి. వంట ఎన్నింటికి అవుతుందో, డబ్బా ఎన్నింటికి కడతారో ముందే అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే వద్దనుకోండి. వీలైతే ఒకసారి వాళ్ల వంటగదికి వెళ్లి చూస్తామనండి, ఏమంటారో వినండి.

ఆ వంటశాల పేరు రాయడం లేదు. ఒక్కరి పేరు రాస్తే మిగతా అందరి దగ్గరా ధైర్యంగా మూడు నెలలకి కట్టేస్తారేమోనని నా భయం. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి మూడు వారాలైంది. రసీదు నంబరు ఉంది, జవాబు ఇంకా రాలేదు. అత్తయ్య కోలుకున్నారు. నిన్న రాత్రి కంచం ముందు కూర్చుని, అన్నం వేళ్లతో విడదీసి చూసి, "ఇప్పుడే వండావా అమ్మా?" అని అడిగారు. ఇప్పుడే వండానని చెప్పాకే ముద్ద నోట్లో పెట్టుకున్నారు.