బుల్లెట్ సీటుకి నగిషీ తోలు కవర్ చేయిస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి

షాపు పేరు రాయను. రాస్తే గొడవ వాడికీ నాకూ మధ్యే ఉండిపోతుంది. ఇదే పని చేసేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఎలా మోసపోయానో మాత్రం చెప్తాను.

నాది 2014 క్లాసిక్ 350. స్ప్రింగుల మీద కూర్చునే ముందు సీటు విడిగా ఉండే మోడల్. దానికి పూల నగిషీ కొట్టిన తోలు, అంచు చుట్టూ తోలు తాడు అల్లిక వేయించాలని ఎప్పటినుంచో కోరిక. షాపులో చూపించిన శాంపిల్ ముక్క మాత్రం నిజంగా గొప్పగా ఉంది, వేలితో తడిమితే రేకులు లోతుగా తగిలాయి. 6,500 అన్నాడు. 3,000 అక్కడికక్కడే ఫోన్‌లో కొట్టేశాను. బిల్లు అడగలేదు.

పది రోజులకి బండి చేతికిచ్చాడు. రెండో వారానికల్లా నేను కూర్చునే చోట పువ్వులు మాయం! అరిగిపోలేదు, సాగి చదునైపోయాయి. ట్యాంకు వైపు సీటు ముక్కు దగ్గర కుచ్చిళ్లు పడ్డాయి. అంచు రంధ్రాలు పోస్టల్ స్టాంపు చింపినట్టు ఒకదాని వెంట ఒకటి తెగాయి. జూలైలో ఒక వానకి తడిస్తే రంగు దిగింది. ఆ రోజు నేను వేసుకున్నది క్రీమ్ ప్యాంటు. ఆఫీసులో ఎవరూ నోరు తెరిచి అడగలేదు, అంతే తేడా.

వాణ్ణి అడిగితే "లెదరంటే అంతే సార్, వాడగా వాడగా సెట్ అవుద్ది" అన్నాడు.

మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన కోసిన అంచు ఒక్కసారి చూసి తేల్చేశాడు: "ఇది చెక్క తోలు కాదు బాబూ, క్రోము తోలు. దీనిమీద పని నిలబడదు." అంచు మధ్యలో నీలిబూడిద రంగు చార కనిపించింది, క్రోమియం ఉప్పుతో పదును చేసిన తోలుకి అదే గుర్తు. చెక్క తోలు, అంటే తంగేడు చెక్క (బెరడు), తుమ్మ చెక్క, కరక్కాయ లాంటివాటితో పదును చేసిన తోలైతే లోపల కూడా గోధుమ రంగే ఉంటుంది. అది నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, అప్పుడు కత్తితో గీసి అచ్చులు కొడితే ఆరాక ముద్ర బిగుసుకుంటుంది. క్రోము తోలు జాకెట్లకి, సోఫాలకి మంచిదే, కాకపోతే సాగే గుణం ఎక్కువ, ముద్ర పట్టదు. నాకు వేడి ప్రెస్సులో డిజైన్ నొక్కి "చేతిపని" అని అంటగట్టారన్నమాట.

మీరు చేయిస్తే, రంగు వేయకముందు అదే తోలు నుంచి చిన్న ముక్క అడగండి. తుప్పు మేకులు రెండ్రోజులు వెనిగర్‌లో నానబెట్టి ఆ నీళ్లు ఒక చుక్క వేస్తే చెక్క తోలు నల్లబడుతుంది, క్రోము తోలు దాదాపు అలాగే ఉంటుంది. ఈ గుణం వల్లే ఇంకో చిక్కుంది. అసలైన చెక్క తోలు తడిసి సీటు కింది ఇనుప రేకుకి తగిలితే నల్ల మచ్చలు పడతాయి. మధ్యలో ఏదైనా పొర వేయమనండి, రివిట్లు ఇత్తడివి పెట్టమనండి.

అల్లిక విషయంలో నా బండికి జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. తడిపిన తోలుని సీటు మీద లాగి కట్టి, నీడలో ఆరనిచ్చి, ఆ ఆకారం వచ్చాక రంధ్రాలకి గుర్తులు పెట్టాలి. వాడు పొడి తోలుకే, పాత రెగ్జిన్ కూడా తీయకుండా, అంచుకి రెండు మిల్లీమీటర్ల దూరంలో పొడిచేశాడు. కనీసం నాలుగైదు ఉండాలి. పై ముక్కకీ పక్క పట్టీకీ రంధ్రాల లెక్క కలవలేదు, మిగిలినదాన్ని ముక్కు దగ్గర కుక్కాడు. మామూలు చుట్టు అల్లికకే అంచు పొడవుకి మూడు రెట్లకు పైగా తాడు కావాలి. వాడికి మధ్యలో అయిపోతే పైనే ముడి వేశాడు, సరిగ్గా తొడ కింద. ఆ తాడు కూడా రెగ్జినే!

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకున్నాను. బిల్లు లేదు, "చేతిపని" అన్నది కాగితం మీద లేదు. ఫోన్‌లో డబ్బు పంపిన మెసేజ్ ఒక్కటే ఉంది, అది దేనికిచ్చానో అందులో లేదు. మీరైనా తోలు రకం, పని రకం రెండూ బిల్లు మీద రాయించుకోండి.

కవర్ పీకేశాను. కింద పాత రెగ్జిన్ చెక్కుచెదరకుండా ఉంది, ఇప్పుడు బండికి అదే. తోలు తాడు పేరుతో వచ్చిన ఆ రెగ్జిన్ తాడుతో మా ఆవిడ కాకర తీగ కట్టింది. అక్కడ మాత్రం గట్టిగానే నిలబడింది.