పాత మోటార్‌సైకిళ్ల విడిభాగాల డేటాబేస్: గుంపులా, జతలా, కొలతలా?

తయారీ ఆగిపోయి దశాబ్దాలు గడిచిన మోటార్‌సైకిల్‌ను నడిపించాలనుకునేవారికి విడిభాగం దొరకకపోవడం ఒక బాధ అయితే, చేతిలో ఉన్నది తమకు కావలసిన భాగమేనో కాదో తెలియకపోవడం అంతకంటే పెద్ద బాధ. ఒకే బేరింగుకు బండి తయారీదారు ఒక నంబరు, బేరింగు తయారీదారు మరొకటి, తరువాతి కేటలాగు ఇంకొకటి ఇచ్చి ఉంటాయి. ఈ నంబర్లను కలిపే డేటాబేస్ కట్టబోయేవారు చాలామంది ముందుగా ఏ సాఫ్ట్‌వేర్ వాడాలా అని ఆలోచిస్తారు. అంతకంటే ముందు తేలవలసింది, ‘ఇది దానికి బదులు పనికివస్తుంది’ అనే మాటను ఏ రూపంలో నమోదు చేయాలన్నది.

అందరికీ మొదట తోచేది గుంపు పద్ధతి. ఒకదానికొకటి సమానమనుకున్న నంబర్లన్నిటికీ ఒకే గుంపు సంఖ్య ఇస్తారు. ఎనిమిది నంబర్లకు ఎనిమిది వరుసలు చాలు. వాటినే జతలుగా రాస్తే 28, రెండు దిశలనూ విడిగా రాస్తే 56 అవుతాయి. వెతకడం కూడా సులువే. అయితే ఈ పొదుపు వెనుక ఒక ఊహ దాగి ఉంది: మొదటిది రెండోదానికి, రెండోది మూడోదానికి సరిపోతే, మొదటిది మూడోదానికి సరిపోయి తీరుతుందని. విడిభాగాల లోకంలో ఇది తరచుగా నిజం కాదు.

స్పార్క్ ప్లగ్‌లనే చూడండి. ప్లగ్ తన కొన నుంచి వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందో చెప్పేది ఉష్ణశ్రేణి; త్వరగా పంపేది ‘చల్లని’ ప్లగ్, నెమ్మదిగా పంపేది ‘వేడి’ ప్లగ్. ఎన్‌జీకే సంస్థ పద్ధతిలో ఉష్ణశ్రేణి అంకె పెరిగేకొద్దీ ప్లగ్ ‘చల్లని’ది అవుతుంది, ఛాంపియన్ పద్ధతిలోనూ, బాష్ నేటి పద్ధతిలోనూ అంకె పెరిగేకొద్దీ ‘వేడి’ది అవుతుంది. ఒక సంస్థ మెట్టు మరో సంస్థ మెట్టుతో కచ్చితంగా సరితూగదు కనుక, పోలిక పట్టికలన్నీ ‘దాదాపు సమానం’ అన్న భావంతోనే తయారవుతాయి. ఆ ‘దాదాపు’లను గొలుసుగా కలుపుకుంటూ పోతే, వేర్వేరు ఉష్ణశ్రేణులున్న ప్లగ్‌లు ఏదో ఒకనాడు ఒకే గుంపులో చేరతాయి. అప్పుడు ఆ గుంపులో తప్పు ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఎవరు ఎవరితో సమానమని ఎవరన్నారో గుంపు గుర్తుంచుకోదు.

మరల విషయంలో ప్రమాదం మరింత మోసకరమైనది. పావు అంగుళం బీఎస్‌ఎఫ్ (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్) మరకూ, అదే వ్యాసమున్న బ్రిటిష్ సైకిల్ మరకూ అంగుళానికి 26 చుట్లే. కానీ మొదటిదాని చుట్టు అంచుల మధ్య కోణం 55 డిగ్రీలు, రెండోదానిది 60. నట్టు రెండు చుట్లు తిరిగిందంటే సరిపోయిందనుకునే మనిషి ప్రతి వర్క్‌షాపులోనూ ఒకరుంటారు, ఆయన రాసిన ‘సమానం’ గుంపులోకి ఎక్కితే అందరి మరలూ పాడవుతాయి.

జత పద్ధతిలో ప్రతి వరుస ఒక వాదన: ఏ నంబరు స్థానంలో ఏ నంబరు, ఏ షరతు మీద, ఏ ఆధారంతో. దిశ ఇక్కడ ముఖ్యం. తయారీదారు పాత నంబరును రద్దు చేసి కొత్తది ఇచ్చినప్పుడు, కొత్త భాగం పాత ఇంజిన్‌కు పనికొస్తుంది గాని, పాతది కొత్త ఇంజిన్‌కు పనికొస్తుందన్న హామీ లేదు. షరతు కూడా అంతే ముఖ్యం. ఆమల్ 930 కార్బురేటర్ బాడీ బిగింపుకు సరిపోయినా, మరో ఇంజిన్ కోసం అమర్చిన, పెట్రోలు పాళ్లను నిర్ణయించే జెట్లూ నీడిలూ మన ఇంజిన్‌కు కుదరకపోవచ్చు. ‘జెట్లు మార్చాలి’ అన్న మాట లేని వరుస సగం అబద్ధమే. ఈ పద్ధతిలో రాత పని ఎక్కువన్న మాట వాస్తవం. అయినా 56 వరుసలూ నింపాలన్న నియమమేదీ లేదు. ఆధారమున్న ఐదింటిని రాసి మిగిలినవి ఖాళీగా వదిలేయవచ్చు. తప్పు తేలితే ఆ ఒక్క వరుసను తొలగిస్తే సరిపోతుంది. అందుకే పునాదిగా నేను జత పద్ధతినే ఎంచుకుంటాను.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ప్రామాణిక భాగాలకు కొలతలే అసలు గుర్తింపు. 6203 బేరింగును ఎవరు తయారుచేసినా లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, వెడల్పు 12 మిల్లీమీటర్లు. చైన్‌లలో 520కీ 530కీ పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) అంగుళంలో ఐదు ఎనిమిదో వంతే, తేడా అంతా వెడల్పులోనే. ఇలాంటివాటిని జతలుగా రాయడం వృథా శ్రమ. అలాగని మూడు కొలతలతో ఆపకూడదు: లోపలి సందు మామూలు కంటే ఎక్కువని చెప్పే ‘సీ3’ వంటి చివరి గుర్తుకూ ఒక గడి ఉండాలి. కామ్‌షాఫ్ట్, గేరు వంటి భాగాలకు మాత్రం కొలతల పద్ధతి పనికిరాదు; కామ్ ఆకృతి మూడు అంకెల్లో ఇమడదు.

నంబర్ల రూపం మీద అతిగా ఆధారపడకూడదు. ట్రయంఫ్ ఇంజిన్ భాగాల పాత ‘ఈ’ అక్షరం తరువాత 70 అంకెగా మారింది కనుక ఈ3278, 70-3278 రెండూ ఒకటే అని సూత్రం రాయవచ్చు. హోండా నంబరులోని మధ్య మూడంకెలు మోడల్‌ను సూచిస్తాయి. 1969లో వచ్చిన సీబీ750కి అది 300. కానీ అదే భాగాన్ని తరువాతి మోడళ్లలో వాడినా నంబరు మారదు కాబట్టి, ఆ 300ను చూసి ఇది సీబీ750కి మాత్రమే పనికొస్తుందని తేల్చడం తొందరపాటు.

సాఫ్ట్‌వేర్ సంగతి రెండు మాటల్లో తేలుతుంది. స్ప్రెడ్‌షీట్ మొదటి కొన్ని వందల వరుసలకు చాలు, అయితే అది ముందున్న సున్నాలను మింగేస్తుంది, మధ్యలో గీత ఉన్న నంబర్లను తేదీలనుకొని మార్చేస్తుంది. ఒకే ఫైలులో ఇమిడే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఈ బెడద లేకుండా చేస్తుంది, నంబరు గడిని అంకెగా కాక అక్షరాలుగా ప్రకటించి, కేటలాగులో ఉన్న రూపాన్నీ, గీతలు ఖాళీలు తీసేసిన రూపాన్నీ వేర్వేరు గడుల్లో ఉంచుకుంటే.